రేకు వేస్తే చాలదు, గాలికి నిలవాలి

డెల్టాలో కూలివాడి ఇల్లంటే ఒకప్పుడు తాటాకు పాకే. వేసంగిలో ఒక నిప్పురవ్వ పడితే పేటకి పేట బుగ్గయ్యేది. రెండు మూడేళ్ళకోసారి ఆకు మార్చాలి, మార్చడానికి డబ్బులుండాలి. అందుకే నాలుగు రూపాయలు చేతిలో పడగానే పేదవాడు రేకుల వైపు చూశాడు. ఈనాడు బెజవాడ కొండవాలు పేటల్లోనూ, కాలువ గట్ల మీదా, దివిసీమ పల్లెల్లోనూ రేకుల ఇళ్ళే ఎక్కువ కనబడతాయి. అప్పుచేసి, కూలిడబ్బు కూడబెట్టి వేసుకున్న కప్పులివి.

ఆ కప్పే ఒక్క రాత్రి గాలికి లేచిపోతే? ఇల్లు పోవడం ఒకటి, ఎగిరిన రేకు పక్కింటివాడి మెడ మీద కత్తిలా పడటం మరొకటి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే పదివేలమంది పోయారు. 1990 మే 9న మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తుపాను తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటింది. గాలి మనకి చుట్టం కాదు గానీ వస్తూనే ఉంటుంది. కాబట్టి రేకు ఎలా వెయ్యాలో మేస్త్రికే వదిలెయ్యకుండా మనమూ తెలుసుకోవాలి.

గాలి నెట్టదు, లాగుతుంది

మొదటి పొరపాటు ఆలోచనలోనే ఉంది. గాలి కప్పును కిందకి అణుస్తుందనుకుని మనవాళ్ళు పైన రాళ్ళూ, ఇసక బస్తాలూ, పాత టైర్లూ పెడతారు. నిజానికి కప్పు మీదుగా దూసుకుపోయే గాలి రేకును పైకి పీల్చుతుంది. లోపల తలుపో కిటికీయో గాలివైపు తెరుచుకుంటే లోపలినుంచి కూడా తోస్తుంది.

లెక్క చూడండి. భారత ప్రమాణాల ప్రకారం విజయవాడ ప్రాంతంలో కట్టడాలకు లెక్కలోకి తీసుకోవలసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకి గాలి ఒత్తిడి సుమారు 150 కిలోలు. అదే చదరపు మీటరు రేకు బరువు ఐదారు కిలోలే! పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఇల్లు చేల మధ్య ఒంటరిగా ఉంటే కప్పు మొత్తం మీద ఆ లాగుడు 2800 కిలోల దాకా పోతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు 37 అన్నమాట. ఇంత బలం ముందు నాలుగు రాళ్ళు ఏం ఆపుతాయి? పైగా అవి దొర్లి మన నెత్తినే పడతాయి. రేకును ఆపేది బరువు కాదు, బిగింపు.

కొనేటప్పుడు

గేజి నంబరు పెరిగితే రేకు మందం పెరుగుతుందనుకుని మోసపోయేవాళ్ళున్నారు. అది తలకిందులు. 22 గేజి రేకు 0.80 మిల్లీమీటర్లుంటే 24 గేజి 0.63 మాత్రమే. నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. గేజి అడక్కండి, మిల్లీమీటర్లెంతో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

జింకు పూత సంగతీ అంతే. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల పూత ఉన్నదీ, 275 గ్రాములున్నదీ కొత్తలో ఒకేలా మెరుస్తాయి. ఉప్పుగాలి తగిలే నాగాయలంక, కోడూరు, బందరు వైపు పలచని పూత తొందరగా తుప్పు పడుతుంది. ఐ.ఎస్. 277 గుర్తు చూసి, పూత ఎంతో అడిగి కొనాలి.

సిమెంటు రేకులు చవకని కొంటే ఒక సంగతి మరవొద్దు. ఆస్‌బెస్టాస్ కలిసిన రేకును కోసినా, పగలగొట్టినా లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు, కాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత రేకులు తీసేటప్పుడు తడిపి తియ్యండి, ముక్కలు చెయ్యకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

వేసేటప్పుడు

వాలు: ఖర్చు తగ్గుతుందని కప్పును బల్లపరుపుగా వేస్తారు. వాలు తక్కువైన కప్పునే గాలి ఎక్కువగా పీల్చుతుంది, వాన నీరూ కిందకి జారక అతుకుల్లోంచి దిగుతుంది. తుపాను ప్రాంతాల్లో వాలు 22 డిగ్రీలకు తగ్గకూడదు. అంటే గోడ నుంచి కొప్పు దాకా పదడుగుల అడ్డం ఉంటే కొప్పు కనీసం నాలుగడుగులు ఎత్తు లేవాలి. రెండువైపుల వాలు కంటే నాలుగువైపుల వాలున్న కప్పు గాలికి బాగా తట్టుకుంటుంది. మన పాత తాటాకిళ్ళ చుట్టు వాలులో ఉన్న తెలివి ఇదే.

అతుకు: పక్క రేకు మీద ఒకటిన్నర, రెండు అలలు ఎక్కాలి. పైరేకు కిందిరేకు మీద ఆరంగుళాలైనా ఎక్కాలి. వాలు తక్కువైతే ఇంకా ఎక్కువ. గాలివాన ఎక్కువగా ఎటునుంచి కొడుతుందో ఊళ్ళో పెద్దల్నడగండి, దానికి ఎదురు చివర నుంచి రేకులు మొదలెట్టండి. అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా తెరుచుకోదు.

బోల్టు: అలల రేకుకు బెజ్జం గుబ్బ మీద పెట్టాలి, నీళ్ళు పారే పల్లంలో కాదు. ఉత్త మేకు కొట్టడం పనికిరాదు. ఎండకి సాగి, రాత్రికి ముడుచుకుని రేకు కదిలేకొద్దీ బెజ్జం పెద్దదవుతుంది, మేకు ఊడొస్తుంది. అడ్డపట్టెను పట్టుకునే కొక్కెం బోల్టు, దాని మీద వంపు వాషరు, మెత్తని వాషరు ఉండాలి. పెద్దగాలికి కొక్కెం తిన్నగా సాగిపోవచ్చు, పట్టెను చుట్టూ పట్టే యు ఆకారపు బోల్టు మరింత నమ్మకం. స్క్రూలు వేస్తే రబ్బరు వాషరు నలిగి బయటికొచ్చేదాకా బిగించొద్దు, వదులుగానూ ఉంచొద్దు.

అంచులు: గాలి మొదట పట్టేది చూరునీ, కొప్పునీ, మూలల్నీ. అక్కడ అడ్డపట్టెలు దగ్గర దగ్గరగా, బోల్టులు మధ్యలో కంటే రెట్టింపు వెయ్యాలి. మేస్త్రులు బోల్టు మిగుల్చుకునేది కూడా అక్కడే! చూరు అడుగున్నరకు మించి బయటికి చాచొద్దు. పంచ కావాలంటే దాని కప్పు వేరుగా వేసుకోండి. పంచ లేచిపోయినా ఇల్లు మిగులుతుంది.

గొలుసు: రేకు పట్టెకి, పట్టె వాసానికి, వాసం గోడకో స్తంభానికో, స్తంభం భూమికి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మొత్తం పోతుంది. రేకు గట్టిగా బిగించి, సరుగుడు వాసాన్ని గోడ మీద ఊరికే ఆనిస్తే వాసాలతో సహా కప్పు లేస్తుంది. గోడ మీద కాంక్రీటు పట్టీ పోసేటప్పుడే ఇనప పట్టీలు అందులో పాతి వాసాలకు చుట్టి బిగించాలి. తడి సిమెంటూ సున్నమూ రేకుకి తగలనివ్వకండి, జింకును తినేస్తాయి. చల్లదనానికని రేకు మీద సున్నం కొట్టే అలవాటూ మంచిది కాదు, తెల్లరంగు వెయ్యండి.

కరెంటు: సర్వీసు తీగను రేకు బెజ్జంలోంచి లోపలికి లాగొద్దు. రేకు అంచు తీగ తొడుగును కోస్తే కప్పంతా కరెంటే. బట్టలారేసే ఇనప తీగను రేకుకి కట్టొద్దు. వానలో తడిబట్ట తియ్యబోయి ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్ళ కబుర్లు మనం వింటూనే ఉన్నాం.

గట్టి కప్పున్నా ఆగొద్దు

ఇదంతా గాలికి మందు, ఉప్పెనకు కాదు. ఖాళీ చెయ్యమని కబురొస్తే తుపాను షెల్టరుకి పోవాల్సిందే. మధ్యలో గాలి ఆగినట్లనిపిస్తే బయటికి రావొద్దు. తుపాను కన్ను దాటగానే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. వరదకీ అంతే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు డాబా ఉన్నవాడు పైకెక్కాడు. రేకుల ఇంటివాడికి ఎక్కడానికి కప్పే లేదు.

లోపం మేస్త్రిదేనా?

ఇవన్నీ మేస్త్రి పొరపాట్లని సరిపెట్టుకుంటే సగం నిజమే చెప్పినట్టు. కాలువ గట్టు మీద పట్టా లేకుండా ఉన్నవాడు పునాది ఎందుకు తీస్తాడు? రేపు పొక్లెయినరొస్తే విప్పుకుపోగలిగేది రేకులొక్కటే. అందుకే వదులుగా వేస్తాడు. స్థలం మీద హక్కు లేనివాడి కప్పుకి గట్టిదనం ఎక్కణ్ణించి వస్తుంది? బోల్టులకీ పట్టీలకీ అయ్యేది మొత్తం ఇంటి ఖర్చులో కొద్ది భాగం. కూలివాడికి ఆ కొద్దే కొండ, అందుకే ముందు కోతపడేది దానికే.

కాబట్టి రెండు పనులు సాగాలి. ఒకటి మన చేతిలోది: అక్టోబరు, నవంబరు తుపాన్లకు ముందే, నాట్లు ముగిసి చేతికి తీరిక దొరికినప్పుడు, ప్రతి పేటలో నలుగురు కుర్రాళ్ళు నిచ్చెనా స్పానరూ పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. వదులు బోల్టు బిగించాలి, తుప్పు వాషరు మార్చాలి, తెగిన పట్టీ కట్టాలి. ముసలివాళ్ళ, ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళు ముందు చూడాలి. ఎక్కినవాడు పట్టె ఉన్న వరస మీదే అడుగెయ్యాలి.

రెండోది పోరాడి సాధించుకోవలసింది: గట్ల మీదున్నవాళ్ళకు ఇళ్ళస్థలాలూ పట్టాలూ, ఇంటి పథకాల అంచనాల్లో గాలికి తట్టుకునే బిగింపు ఖర్చు, పల్లె మేస్త్రులకు శిక్షణ. తుపాను పోయాక పంచే బియ్యం కంటే తుపానుకు ముందు బిగించిన బోల్టు మేలు. ఆ మాట ప్రతి గ్రామసభలో అడగాలి, అర్జీలో రాయాలి.