ఇల్లు కాదు... బడి కొంటున్నారు!

మన దగ్గర ఇల్లు కొనేముందు వాస్తు చూస్తారు, నీళ్ల వసతి అడుగుతారు. అమెరికాలో పిల్లలున్నవాళ్ల మొదటి ప్రశ్న వేరు. 'ఈ ఇల్లు ఏ స్కూలు కిందికొస్తుంది?' డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోనో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో స్థిరపడే తెలుగువాళ్లూ అదే అడుగుతారు.

ఎందుకంటే... అక్కడ చాలా ఊళ్లలో పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్లాలో చెప్పేది ఇంటి చిరునామాయే. బడిలో ఫీజుండదు. కానీ ఆ భారం ఇంటి ధరలో కలిసిపోతుంది.

ఎంత? ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ బోస్టన్ శివార్లలో లెక్కతీశారు. రెండు బడుల సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చారు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న బడి కోసం తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని 1999లో తేల్చారు.

మరో చిక్కూ ఉంది. బడుల నిధుల్లో గణనీయమైన వాటా స్థానిక ఆస్తిపన్నులది. ఖరీదైన ఇళ్లున్నచోట బడికి డబ్బొస్తుంది. మంచి బడి ఉందంటే ఇళ్లు మరింత ప్రియమవుతాయి. రాష్ట్రాలు సాయం చేసినా తేడా పూర్తిగా పోదు. చిరుద్యోగుల పిల్లలు గీతకు ఇవతలే మిగిలిపోతారు.

అందుకే కొందరు ఆ పరిధిలోనే చిన్న అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటారు. బడికి అద్దె చిరునామా అయినా చాలు. కొనేవాళ్లు మాత్రం స్కూలు కార్యాలయంలో విచారించుకోవాల్సిందే. పిల్లల సంఖ్య పెరిగితే సరిహద్దులు మారిపోతాయి మరి!

హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూలు ఎంత దూరమున్నా బస్సు ఇంటిముందుకొస్తుంది. అక్కడ వీధి దాటితే బడే మారిపోవచ్చు.