పెట్రోలియం పైప్‌లైన్ల భద్రతా నియమాలు, ప్రభుత్వ అమలు: గజపతినగరం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పెట్రోలు, డీజిలు వంటి ప్రమాదకర ద్రవాలను మోసే పైప్‌లైన్ల భద్రతకు మన దేశంలో నియమాల కొరత లేదు. వాటిని ఎవరు, ఎవరిపై, ఎంతటి శిక్షతో అమలు చేస్తారన్న ప్రశ్నకు సమాధానం మాత్రం నాలుగైదు చట్టాల మధ్య చెదరి ఉంది. ఆ సమాధానాన్ని ఒకచోట చేర్చి, పైప్‌లైన్ కింద భూమి ఉన్న ఉత్తరాంధ్ర రైతు వైపు నుండి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నియమాల ఇంగ్లీషులో స్పష్టంగా ఉన్న ఒక భేదం తెలుగులోకి వచ్చేసరికి ఎలా చెరిగిపోతుందో కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: పెట్రోలియం పైప్‌లైన్, వినియోగ హక్కు, భద్రతా ప్రమాణాలు, నియంత్రణ మండలి, చంపావతి, అనువాదం.

1. నేపథ్యం

గజపతినగరం చంపావతి ఒడ్డున, విజయనగరం నుండి సాలూరు మీదుగా రాయపూర్ వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. రహదారి మీద ఆయిల్ ట్యాంకరు వెళ్తే అందరికీ కనబడుతుంది. దాని వెనుక ప్రమాద సూచిక, వాహన సంఖ్య, కంపెనీ పేరు ఉంటాయి. అదే ఇంధనం నేలకింద పైప్‌లైన్‌లో ప్రవహిస్తున్నప్పుడు పైకి కనిపించేది పొలం గట్టున నాటిన ఒక సూచిక స్తంభం మాత్రమే.

ఇండియన్ ఆయిల్ కార్పొరేషన్ వారి పారదీప్-హైదరాబాద్ పైప్‌లైన్ పొడవు సుమారు 1,200 కిలోమీటర్లు. ఒడిశా దాటిన తర్వాత అది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గుండా విశాఖపట్నం వైపు సాగుతుంది. ఈ ప్రాంతపు నదులన్నీ తూర్పు కనుమల నుండి సముద్రం వైపు పారేవే. కాబట్టి తీరానికి సమాంతరంగా వచ్చే ఏ పైప్‌లైన్ అయినా వంశధారను, నాగావళిని, చంపావతిని దాటక తప్పదు. గజపతినగరం పక్కన పారే నీరే నెల్లిమర్ల, డెంకాడల మీదుగా వెళ్ళి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక నదిని పైప్‌లైన్ ఎక్కడ దాటినా దాని భద్రత ఆ ఒక్క ఊరి విషయంగా ఉండదు.

2. ద్రవం తీరు

సహజవాయువు లీకయితే గాలి కంటే తేలిక కనుక పైకి పోతుంది. పెట్రోలు అలా కాదు. నేలలో ఇంకుతుంది, పల్లం వైపు జారుతుంది, బావిలోకి, చెరువులోకి, కాలువలోకి చేరుతుంది. దాని ఆవిరి గాలి కంటే బరువైనది కావడంతో నేలను అంటిపెట్టుకొని పాకి, దూరాన ఎక్కడో ఉన్న పొయ్యిని చేరగలదు. డీజిలుకు అంత త్వరగా మండే స్వభావం లేకపోయినా బావినీటిని చాలాకాలం పనికిరాకుండా చేస్తుంది. చెరువుల కింద, బావుల కింద సాగు జరిగే విజయనగరం జిల్లాకు ఈ రెండో ప్రమాదమే ఎక్కువ సంబంధించినది. పత్రికలకు ఎక్కేది మాత్రం మొదటిదే.

ఉక్కు గొట్టానికి ప్రధాన శత్రువులు రెండు: తుప్పు, తవ్వకం. తుప్పును ఆపడానికి గొట్టంపై పూత వేస్తారు. దానికి తోడు గొట్టానికి స్వల్ప విద్యుత్తును నిరంతరం అందిస్తారు. క్యాథోడిక్ ప్రొటెక్షన్ అని పిలిచే ఈ ఏర్పాటులో గొట్టానికీ మట్టికీ మధ్య వోల్టేజిని నిర్ణీత వ్యవధుల్లో కొలిచి రాసిపెట్టాలి. రాగి-రాగి సల్ఫేట్ ఎలక్ట్రోడుతో పోల్చి కొలిచినప్పుడు మైనస్ 0.85 వోల్టులు సాధారణ ప్రమాణం. గొట్టం లోపలి స్థితిని తెలుసుకోవడానికి 'పిగ్' అనే యంత్రాన్ని ద్రవ ప్రవాహంతో పాటు పంపి గోడ మందం ఎక్కడ తగ్గిందో పరీక్షిస్తారు. భద్రతా నియమాల అమలు అంటే ఆచరణలో ఈ కొలతలు వేళకు జరిగాయా, జరిగితే వాటిని ఎవరైనా చదివారా అని అడగడమే.

3. భూమి మీది చట్టం

పెట్రోలియం, ఖనిజ పైప్‌లైన్ల చట్టం 1962లో వచ్చింది. దీనికింద ప్రభుత్వం భూమిని కొనదు. భూమి రైతు పేరునే ఉంటుంది, దానికింద గొట్టం వేసుకొనే 'వినియోగ హక్కు' మాత్రమే ప్రభుత్వానికి, ఆపై కంపెనీకి సంక్రమిస్తుంది. సెక్షన్ 3 కింద ప్రకటన వెలువడి, దాని ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన 21 రోజుల లోపు అభ్యంతరం తెలపాలి. ప్రకటన అచ్చయ్యేది భారత రాజపత్రంలో, హిందీ, ఇంగ్లీషు భాషల్లో. దాని సారాంశాన్ని స్థానికంగా ప్రచురించే బాధ్యత సక్షమాధికారిది.

హక్కు సంక్రమించిన తర్వాత రైతు ఆ పట్టీలో పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, బావి గాని చెరువు గాని తవ్వరాదు, చెట్టు నాటరాదు. సెక్షన్ 9లోని ఈ నిషేధాలు శాశ్వతం. మామిడి, జీడిమామిడి, కొబ్బరి తోటలే ప్రధాన ఆస్తి అయిన చిన్న కమతాల్లో చెట్టు నాటరాదన్న నిషేధం ఎంత బరువో వేరుగా చెప్పనక్కరలేదు. పంటకు, చెట్లకు కలిగిన నష్టం కాక, వినియోగ హక్కుకు సెక్షన్ 10 నిర్ణయించిన పరిహారం భూమి మార్కెట్ విలువలో పదిశాతం. పరిహారం చాలదనుకుంటే జిల్లా న్యాయమూర్తిని ఆశ్రయించవచ్చు. పరిహారాన్ని నిర్ణయించే సక్షమాధికారి న్యాయాధికారిగా పనిచేసినవారో న్యాయశాస్త్రం తెలిసినవారో అయి ఉండటం సముచితమని 2016లో గుజరాత్ రైతుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడ మరొక సంగతి గుర్తించాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పగడపు దిబ్బలు, సున్నిత పర్యావరణ ప్రాంతాల గుండా వెళ్ళే చమురు పైప్‌లైన్లకే ముందస్తు అనుమతి అవసరం. సాగుభూముల గుండా వెళ్ళే పైప్‌లైన్ ఆ జాబితాలోకి రాదు. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు జరిగే బహిరంగ విచారణ పైప్‌లైన్ విషయంలో పల్లెకు రాదన్నమాట. కాబట్టి ఆ 21 రోజులే రైతు నోరు విప్పగలిగిన ఏకైక సందర్భం. అప్పుడు కూడా సెక్షన్ 5 ప్రకారం ఆక్షేపించగలిగేది గొట్టం వేయడాన్నే. ఆ తర్వాత దాన్ని ఎలా నడుపుతారన్నది ఆ విచారణ పరిధిలోకి రాదు.

4. నిర్వాహకుడి మీది నియమాలు

పైప్‌లైన్ నడిపే కంపెనీపై మూడు సంస్థల దృష్టి ఉంటుంది. మొదటిది పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. 1898లో పేలుడు పదార్థాల శాఖగా మొదలైన ఈ సంస్థ కేంద్ర కార్యాలయం నాగపూర్‌లో ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం, 2002 నాటి పెట్రోలియం నియమాలు దీని ఆయుధాలు. రెండోది చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1986లో పెట్రోలియం మంత్రిత్వ శాఖ దీన్ని ఏర్పరచింది. దూరప్రాంత పైప్‌లైన్ల నిర్మాణానికి 141వ ప్రమాణాన్ని, తనిఖీకి 138వ ప్రమాణాన్ని రూపొందించింది ఈ డైరెక్టరేటే. నేలమీది పైప్‌లైన్ల విషయంలో దానికి నేరుగా జరిమానా వేసే అధికారం లేదు. అది తనిఖీ చేస్తుంది, సిఫారసు చేస్తుంది.

మూడోది పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి. 2006 నాటి చట్టం సాంకేతిక, భద్రతా ప్రమాణాలను నిర్దేశించే బాధ్యతను ఈ మండలికి అప్పగించింది. సహజవాయు పైప్‌లైన్లకు 2009లో ప్రమాణాల రెగ్యులేషన్లు వచ్చాయి. పెట్రోలియం ఉత్పత్తుల పైప్‌లైన్లకు అవి రావడానికి 2016 దాకా పట్టింది. 2010లో అత్యవసర స్పందన ప్రణాళికల రెగ్యులేషన్లు, 2015లో తృతీయపక్ష తనిఖీ సంస్థల రెగ్యులేషన్లు వచ్చాయి. ఈ చివరిదానిలోనే చిక్కు ఉంది. మండలికి దేశమంతటా తిరిగే సొంత తనిఖీదారుల దళం లేదు. కంపెనీ తానే రుసుము చెల్లించి, మండలి గుర్తించిన తనిఖీ సంస్థ చేత పరీక్ష చేయించుకొని నివేదికను పంపుతుంది. ఈ పద్ధతి చాలా దేశాల్లో ఉన్నదే, దానిలో తప్పు లేదు. కానీ తనిఖీదారుకు రుసుము ఇచ్చేది తనిఖీకి లోనయ్యేవారే అయినప్పుడు, ఆ నివేదిక బయటివారి కంటికి కనిపించవలసిన అవసరం ఎక్కువవుతుంది.

5. శిక్షల తూకం

పైప్‌లైన్‌కు రంధ్రం చేసి ఇంధనం దొంగిలించేవారిని, విధ్వంసానికి పూనుకొనేవారిని దృష్టిలో పెట్టుకొని 1962 చట్టాన్ని 2011లో సవరించారు. శిక్షలు ఎన్నో రెట్లు పెరిగాయి. ప్రాణహానికి దారితీసే విధ్వంసానికి శిక్ష మరణదండన దాకా పోతుంది. ఇది సమంజసమే. దొంగ వేసిన రంధ్రం ఊరినే తగలబెట్టగలదు.

మరి నిర్వాహకుడు నిర్లక్ష్యం చేస్తే? పెట్రోలియం చట్టం సెక్షన్ 23 నిర్దేశించిన శిక్ష మొదటి నేరానికి నెల రోజులకు మించని సాధారణ కారాగారం, లేదా వెయ్యి రూపాయలకు మించని జరిమానా, లేదా రెండూ. నియంత్రణ మండలి చట్టం సెక్షన్ 28 దీనికంటే బలమైనది. ఒక్కొక్క ఉల్లంఘనకు కోటి రూపాయల వరకు, ఉల్లంఘన కొనసాగితే రోజుకు పది లక్షల వరకు సివిల్ జరిమానా వేయవచ్చు. అయితే అక్కడికి చేరేలోపు లోపాన్ని సరిదిద్దుకోవడానికి కంపెనీకి గడువు ఇవ్వడం రెగ్యులేషన్ల పద్ధతి. వేల కోట్ల వ్యాపారం చేసే సంస్థకు కోటి రూపాయలు ఏపాటివో గణితం తెలియకపోయినా చెప్పవచ్చు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చట్టం మనసు తెలుస్తుంది. పైప్‌లైన్ మీదికి వచ్చే బయటి చేతిని అది నేరదృష్టితో చూస్తుంది, పైప్‌లైన్‌ను నడిపే చేతిని నమ్మకంతో చూస్తుంది. పొలంలో చెట్టు నాటిన రైతు మొదటి వర్గంలోకి వస్తాడు. వోల్టేజి కొలతలను ఏళ్ళతరబడి వాయిదా వేసిన యాజమాన్యం రెండో వర్గంలో ఉంటుంది.

6. రెండు దుర్ఘటనలు

1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో, ఓడ నుండి నిల్వ గోళాలకు ద్రవీకృత పెట్రోలియం వాయువును గొట్టాల ద్వారా తరలిస్తున్న సమయంలో లీకు ఏర్పడి మంటలు చెలరేగాయి. సుమారు 60 మంది మరణించారు. గాలి కంటే బరువైన ఆవిరి నేలను పట్టుకొని పాకడమంటే ఏమిటో ఉత్తరాంధ్ర ఆ రోజు చూసింది.

2014 జూన్ 27 ఉదయం తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. అది సహజవాయు పైప్‌లైన్ అయినా అమలు విషయంలో దాని పాఠం ద్రవ పైప్‌లైన్లకూ చెల్లుతుంది. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలోకి నీరు, ద్రవాంశాలు కలిసిన తడి వాయువు చేరింది, లోపలి నుండి తుప్పు పట్టింది. వాసన వస్తోందని, లీకు ఉందని గ్రామస్థులు అంతకుముందే చెప్పినట్లు పత్రికలు రాశాయి. 2009 రెగ్యులేషన్లు వచ్చి అప్పటికి ఐదేళ్ళయింది. పెద్ద ఉత్తర్వులన్నీ పేలుడు తర్వాతే వచ్చాయి. ఒక నియమం ఉన్నదా అన్నదాని కంటే, ప్రమాదానికి ముందు దాని ఉల్లంఘనను ఎవరైనా కాగితం మీద పెట్టారా అన్నదే అమలుకు గీటురాయి అని నగరం గ్రామం చూపుతుంది.

7. అమెరికా పద్ధతి

అమెరికాలో ప్రమాదకర ద్రవాల పైప్‌లైన్లకు 1979లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. అక్కడి నియంత్రణ సంస్థ ఉల్లంఘన కనబడగానే హెచ్చరిక లేఖ, సంభావ్య ఉల్లంఘన నోటీసు, దిద్దుబాటు ఉత్తర్వు వంటి పత్రాలను జారీ చేస్తుంది. 2011 నాటి చట్టం ఒక ఉల్లంఘనకు రోజుకు రెండు లక్షల డాలర్ల వరకు, వరుస ఉల్లంఘనలకు మొత్తం ఇరవై లక్షల డాలర్ల వరకు సివిల్ జరిమానాకు వీలు కల్పించింది. అక్కడ కూడా ప్రమాదాలు ఆగలేదు. 1999లో వాషింగ్టన్ రాష్ట్రపు బెల్లింగ్‌హామ్‌లో పెట్రోలు వాగులోకి చేరి అంటుకొని ముగ్గురు చనిపోయారు. 2010లో మిషిగన్‌లో గొట్టం పగిలిన తర్వాత కంట్రోల్ రూమ్‌లో హెచ్చరికలు మోగుతున్నా పదిహేడు గంటలపాటు ఎవరూ గుర్తించలేదు.

ఆ వ్యవస్థ నుండి నేర్చుకోదగినది జరిమానా మొత్తం కాదు. సంస్థ తాను జారీ చేసిన ప్రతి లేఖను కంపెనీ పేరుతో సహా బహిరంగంగా ప్రచురిస్తుంది. ఒక పరిశోధకుడు, ఒక విలేకరి, గొట్టం పక్కన ఇల్లున్న మనిషి దాన్ని చదవవచ్చు.

8. భాష దగ్గర జరిగే నష్టం

భద్రతా ప్రమాణాల ఇంగ్లీషులో 'షల్', 'షుడ్' అనే రెండు సహాయక క్రియలు ఉంటాయి. మొదటిది తప్పనిసరి, రెండోది సలహా మాత్రమే అని ప్రమాణాల ఆరంభంలోనే నిర్వచిస్తారు. ఒక కంపెనీ నియమం ఉల్లంఘించిందా లేదా అన్నది చాలాసార్లు ఈ ఒక్క మాటపై తేలుతుంది. తెలుగులోకి వస్తే రెండూ 'చేయవలెను', 'చేయాలి' అనే అయిపోతాయి. విధ్యర్థానికీ ఆశంసకూ ఒకే రూపం వాడే అలవాటు మన పాలనాభాషలో పాతదే. 'చేసి తీరవలెను', 'చేయుట మంచిది' అన్న స్పష్టమైన జంట భాషలో లేక కాదు, దాన్ని పారిభాషికంగా స్థిరపరచలేదు. కనుక తెలుగులో మాత్రమే చదివే సర్పంచికి కంపెనీ ఏది తప్పిందో, ఏది కేవలం మానుకుందో విడదీసి చెప్పే వీలు ఉండదు.

సూచిక స్తంభాల తీరు ఇంకోలా ఉంటుంది. 'తవ్వరాదు' అన్న ఆజ్ఞలో సందిగ్ధం లేదు. అది రైతుకు చెప్పే మాట కనుక సూటిగా ఉంటుంది. తవ్వకాల ప్రమాదాన్ని తగ్గించడానికి 2023 మార్చిలో కేంద్రం ప్రారంభించిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ మంచి ప్రయత్నమే. అయితే జేసీబీ నడిపేవాడు ఫోను తీసేది సాధారణంగా గొట్టం తగిలిన తర్వాతే. ముందుగా తీయాలంటే ఆ మాట వాడికి వాడి భాషలో, పంచాయతీ ద్వారా చేరాలి.

అత్యవసర ప్రణాళిక విషయంలోనూ ఇదే పరిస్థితి. 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాల కింద జిల్లా సంక్షోభ బృందానికి కలెక్టరు అధ్యక్షులు. ప్రణాళిక ప్రకారం మాక్ డ్రిల్లులు జరగాలి. నది దాటే చోట లీకయితే దిగువన ఏ పంచాయతీకి ముందు ఫోను చేయాలి, ఏ బావుల నీరు తాగవద్దని చెప్పాలి అన్నవి ఆ ప్రణాళికలో ఉండవలసిన విషయాలు.

ఈ పత్రాలను అడగడానికి మార్గం ఒకటి ఉంది. ఇండియన్ ఆయిల్, హిందుస్థాన్ పెట్రోలియం, గెయిల్, నియంత్రణ మండలి అన్నీ 2005 నాటి సమాచార హక్కు చట్టం పరిధిలోని ప్రభుత్వ సంస్థలే. దరఖాస్తును హిందీలో, ఇంగ్లీషులో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో పెట్టుకోవచ్చని ఆ చట్టం సెక్షన్ 6 చెబుతుంది. గొట్టం మార్గపు పటాన్ని భద్రతా కారణాలతో నిరాకరించవచ్చు. చివరిసారి పిగ్ పంపిన తేదీ, గడచిన ఏడాది క్యాథోడిక్ కొలతలు తీసిన వ్యవధులు, తృతీయపక్ష నివేదికలో పేర్కొన్న లోపాల సంఖ్య, వాటిలో సరిదిద్దినవి ఎన్ని, చివరి మాక్ డ్రిల్లు ఏ గ్రామంలో జరిగింది అన్న ఐదు ప్రశ్నలను నిరాకరించడం అంత సులభం కాదు. వాటిని గజపతినగరం నుండి తెలుగులోనే అడగవచ్చు.