45 దాటిన నడుము

తూకంలో పెద్ద తేడా లేదు, లంగా బొందు మాత్రం చాలడం లేదు. మా పలమనేరులో 45 దాటిన ఆడవాళ్ళు ఇద్దరు కూర్చుంటే ఈ మాట రాక మానదు. "తిండి ఎక్కువైంది" అనేస్తారు ఇంట్లోవాళ్ళు. అది సగం మాటే.

ముట్లుడగడానికి ముందు కొన్నేళ్ళు ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుడుగా ఉండి, చివరికి బాగా తగ్గిపోతుంది. అంతదాకా తొడలకూ పిరుదులకూ చేరే కొవ్వు ఇక పొట్టకు చేరుతుంది. వయసుతోబాటు కండ కూడా తరుగుతుంది. కండ తరిగితే, ఎప్పుడూ తినే తిండే ఎక్కువవుతుంది!

అందుకే తూకం కన్నా కుట్టుపని టేపు నయం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ కొలవండి. 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటితే చక్కెర జబ్బు, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది.

శనివారం ఒక్కపొద్దుండి రాత్రికి పూరీలు తింటే ఏం లాభం? సంగటి మానక్కర్లేదు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే ఉంది. ముద్ద చిన్నది చేసి, పితికిపప్పో ఉలవలో ఎక్కువ వడ్డించుకోండి. నడక మంచిదే, కానీ కండ నిలవడానికి అదొక్కటే చాలదు. వారానికి రెండు రోజులైనా నీళ్ళ చెంబులు ఎత్తి దించండి. చేతి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి.

సిగ్గుపడి దాచుకునే మాట ఒకటుంది. ఏడాదిపాటు ముట్టు ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క కనబడినా "వేడి చేసిందిలే" అని ఊరుకోకండి. క్యాన్సర్ కాకపోవచ్చు, కావచ్చు కూడా. ఆ వారంలోనే డాక్టరమ్మకు చూపించుకోండి.