కౌన్సిలర్ కుర్చీలో సండే స్కూల్ టీచర్

కుళాయి నీళ్లకూ క్రైస్తవ విశ్వాసానికీ సంబంధం ఏమిటని అడిగే విశ్వాసులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 19వ శతాబ్దపు సేవకులు కొందరు ఆ సంబంధాన్ని పులిపీఠం మీద నుండే బోధించారు.

ఆ రోజుల్లో ఆ పట్టణంలో పేదలకు బావి నీళ్లే దిక్కు. మరుగుదొడ్ల మురుగు నేలలో ఇంకి అదే బావుల్లోకి చేరేది. కుళాయి నీళ్లు అమ్మేది ఒక ప్రైవేటు కంపెనీ, గ్యాస్ అమ్మేవి రెండు ప్రైవేటు కంపెనీలు. పన్ను పెరగకుంటే చాలునన్నది పురపాలక సభ్యుల్లో చాలామంది ధోరణి. 1850లలో కౌన్సిల్‌ను నడిపించిన వర్గమైతే వుడ్‌మన్ అనే మద్యశాలలో కూడేది! మర్యాదస్తులు, భక్తిపరులు ఆ పదవి వైపు చూసేవారు కాదు. ఈ మాట మనకు కొత్తదేమీ కాదు కదా!

జార్జ్ డాసన్ అనే బోధకుడు ఈ ధోరణిని ఎదిరించాడు. కార్స్ లేన్ సంఘ కాపరి ఆర్.డబ్ల్యు. డేల్ మరింత గట్టిగా మాట్లాడాడు. పొరుగువాని పిల్లలు మురికినీళ్లు తాగి చనిపోతుంటే ప్రార్థనతో సరిపెట్టుకోకూడదని, పురపాలక బాధ్యత కూడా దేవుడిచ్చిన పిలుపేనని ఆయన బోధ సారాంశం. ఆయన మాటలతో ఊరుకోలేదు. 1870లో తానే స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యాడు. చెరలో ఉన్నవారితో, మీరున్న పట్టణపు క్షేమాన్ని కోరుకోమని యిర్మీయా పలికిన సంగతి చదివినవారికి ఇది వింతగా తోచదు.

ఈ గాలి తగిలినవారిలో జోసెఫ్ చాంబర్లిన్ ఒకడు. 1836లో లండన్‌లో పుట్టాడు. 16 ఏళ్లకే చదువు మాని, 18 ఏళ్లకు మరమేకుల ఫ్యాక్టరీ పనిమీద బర్మింగ్‌హామ్ వచ్చాడు. యూనిటేరియన్ చర్చిలో సండే స్కూల్ చెప్పేవాడు. (త్రిత్వాన్ని అంగీకరించని ఆ శాఖతో మనకు ఏకాభిప్రాయం లేదు. అయినా మంచి సమరయుడు ఎవరో మనం మరువలేము.) 1869లో కౌన్సిలర్ అయ్యాడు, 1873లో మేయర్ అయ్యాడు. మరుసటి సంవత్సరమే వ్యాపారం నుండి తప్పుకొన్నాడు.

సుమారు 20 లక్షల పౌండ్లకు గ్యాస్ కంపెనీలను పట్టణం కొనేలా చేశాడు. అంత అప్పు ఎలా తీరుతుందని అందరూ భయపడ్డారు గాని మొదటి సంవత్సరమే లాభం వచ్చింది. 1876లో నీటి కంపెనీ కూడా పట్టణం చేతికి వచ్చింది. ఇక్కడ ఆయన పెట్టిన నియమం నన్ను ఎంతో ఆకట్టుకుంది. గ్యాస్ మీద లాభం తీసుకొని పట్టణ అవసరాలకు ఖర్చుపెట్టవచ్చు. నీటి మీద మాత్రం లాభం తీసుకోకూడదు, మిగిలిందంతా నీటి ధర తగ్గించడానికే వాడాలి. దాహంతో ఉన్నవానికి గిన్నెడు నీళ్లివ్వడం గురించి మనం ఎన్ని ప్రసంగాలు చేసి ఉంటాం! ఆ గిన్నె ధర ఎంత ఉండాలో ఆలోచించినవాడు ఈయన.

ఇదంతా సుఖంగా ఉన్న మనిషి చేసిన పని కాదు. మొదటి భార్య 1863లో ప్రసవం తరువాత చనిపోయింది. రెండవ భార్య కూడా, సరిగ్గా ఈ పనులు నడుస్తున్న 1875లో, ప్రసవంలోనే కన్నుమూసింది. ఆ దెబ్బతో ఆయన విశ్వాసం సన్నగిల్లిందని జీవిత చరిత్రకారులు రాశారు. పులిపీఠం పంపిన మనిషి పట్టణాన్ని మోస్తూ ఉంటే, ఆ మనిషిని ఎవరు మోశారు? సేవకులమైన మేము ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

1876లో పార్లమెంటుకు వెళ్లాడు. తరువాత వలసల మంత్రిగా దక్షిణాఫ్రికా యుద్ధంలో ఆయన పాత్రను నేను సమర్థించలేను. పట్టణంలోని పనికీ ఒక మచ్చ ఉంది. 1875 నాటి పథకం కింద మురికివాడలు కూల్చి, దుకాణాలతో కార్పొరేషన్ స్ట్రీట్ అనే విశాలమైన వీధి వేయించారు. ఇప్పటికీ అది ఆ నగరపు ముఖ్య వీధుల్లో ఒకటి. అక్కడి ఇళ్లలో అద్దెకున్న పేదలు పక్క వాడల్లో కిక్కిరిసిన గదులు వెతుక్కున్నారు. కౌన్సిల్ కార్మికుల కోసం సొంతంగా ఇళ్లు కట్టించేసరికి 1890 ప్రాంతమైంది. అవీ కొద్ది ఇళ్లే.