మీటరు తిప్పితే దూరం తరుగుతుందా?

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్ళే దారిలోనో, నల్లగొండ ఊరి చివరనో మెకానిక్ షెడ్డు ముందు పాత అంబాసిడర్ కారు నిలబడి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. 1957 నుంచి 2014 వరకు మన దేశంలో తయారైన కారు అది. ఇప్పుడు కొందరు అలాంటి పాత కార్లను ముచ్చటపడి కొని బాగు చేయించుకుంటున్నారు. తుప్పు గీకుతారు, రంగు వేస్తారు, ఇంజను విప్పి బిగిస్తారు. అంతా అయ్యాక మెకానిక్ అడుగుతాడు: “అన్నీ కొత్తగ చేసినం గద సార్, మీటరు గూడ సున్నాకు పెడ్దామా?”

చిన్న ప్రశ్నే. కాని దీనికి జవాబు చెప్పాలంటే ఆ మీటరు ఎలా లెక్కపెడుతుందో ముందు తెలుసుకోవాలి.

గులకరాళ్ళ లెక్క

బండి నడిచిన దూరాన్ని చూపే ఈ పరికరం పేరు ఓడోమీటరు. గ్రీకు భాషలో ‘హోడోస్’ అంటే దారి, ‘మెట్రాన్’ అంటే కొలత. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట విట్రూవియస్ అనే రోమన్ ఇంజనీరు దీన్ని వర్ణించాడు. ఆయన బండి చక్రం ఒక చుట్టు తిరిగితే పన్నెండున్నర అడుగులు ముందుకు పోతుంది. 400 చుట్లకు 5,000 అడుగులు, అంటే సరిగ్గా ఒక రోమన్ మైలు. 400 పళ్ళున్న చక్రం ఒకటి బండి చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్క పన్ను జరుగుతుంది. మైలు పూర్తి కాగానే పైనుంచి ఒక గులకరాయి జారి కింది గిన్నెలో ఠంగున పడుతుంది. సాయంత్రం గిన్నెలోని రాళ్ళు లెక్కపెట్టుకుంటే ఎన్ని మైళ్ళు నడిచామో తెలిసిపోతుంది.

పాత కారు మీటరులోనూ సూత్రం ఇదే. రాళ్ళకు బదులు అంకెలు వచ్చాయి, అంతే.

లోపల ఏముంది?

గేర్ బాక్సు నుంచి మీటరు దాకా ఒక వంగే కేబులు వస్తుంది. చక్రాలు తిరిగిన కొద్దీ ఇదీ తిరుగుతుంది. మైళ్ళు చూపే చాలా పాత కార్లలో ఒక మైలుకు కేబులు సుమారు 1,000 చుట్లు తిరుగుతుంది. ఈ 1,000 చుట్లను ఒక్క చుట్టుగా తగ్గించాలి. అందుకు మర చుట్టు ఉన్న ఇరుసును పళ్ళ చక్రానికి జోడిస్తారు. ఇరుసు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. మొదటి చక్రానికి 25 పళ్ళు, రెండోదానికి 40 పళ్ళు ఉన్నాయనుకోండి. 25ను 40తో గుణిస్తే 1,000. లెక్క సరిపోయింది కదా!

ఆ తర్వాత వరుసగా చిన్న చిన్న డబ్బాల్లాంటి అంకెల చక్రాలుంటాయి. ప్రతిదాని మీదా 0 నుంచి 9 దాకా అంకెలు. ఒక చక్రం 9 నుంచి 0కు వచ్చేటప్పుడు మధ్యలోని చిన్న పళ్ళ చక్రం ఎడమవైపు అంకెను ఒక మెట్టు ముందుకు తోస్తుంది. మీరు కూడికలో ‘చేతిలో ఒకటి’ అనుకుంటారే, యంత్రం చేసేదీ అదే.

మైళ్ళకు ఐదే అంకెలుంటే 99,999 తర్వాత ఏం వస్తుంది? మళ్ళీ 00,000. గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వచ్చినట్టే. అందువల్ల మీటరులో 23,456 కనిపిస్తే కారు నడిచింది అంతే కావచ్చు, 1,23,456 కూడా కావచ్చు. ఆ మీటరును చూసి ఈ రెంటికీ తేడా చెప్పలేం.

మీటరు కూడా పొరబడుతుంది

ఓడోమీటరుకు రోడ్డు కనబడదు. అది చక్రం చుట్లను మాత్రమే లెక్కపెడుతుంది. కొత్త టైరు వ్యాసం 60 సెం.మీ. అనుకుందాం. చుట్టూ 6 మి.మీ. మేర అరిగితే వ్యాసం 58.8 సెం.మీ. అవుతుంది. అంటే నూటికి రెండు వంతులు తగ్గింది. ఇక హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ దాకా సుమారు 100 కి.మీ. నడిస్తే మీటరు 102 చూపుతుంది. కేబులు తెగితే ఎంత నడిచినా అంకె కదలదు. వేరే కారు మీటరు తెచ్చి బిగిస్తే అది ఆ కారు లెక్కనే చెబుతుంది.

వెనక్కి తిప్పడం సులువేనా?

కేబులుకు డ్రిల్లింగ్ మిషను తగిలించి వెనక్కి తిప్పితే సరిపోతుందని కొందరనుకుంటారు. లెక్క వేసి చూడండి. మిషను నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే నిమిషానికి ఒక మైలు తగ్గుతుంది. 50,000 మైళ్ళు తగ్గాలంటే 50,000 నిమిషాలు, అంటే దాదాపు 35 రోజులు రాత్రీ పగలూ ఆగకుండా తిప్పాలి! అందుకే మీటరు ఊడదీసి అంకెల చక్రాలను చేత్తో జరుపుతారు. అలా జరిపినప్పుడు అంకెలు ఒక వరుసలో కుదరక ఎగుడుదిగుడుగా కనబడటం కద్దు. మీటరు తక్కువ దూరం చూపుతున్నా బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే అనుమానించాల్సిందే. ఈనాటి కార్లలో అంకెలు ఎలక్ట్రానిక్ చిప్పులో ఉంటాయి. వాటినీ మార్చే మోసగాళ్ళున్నారు. కాబట్టి సర్వీసు రసీదులు చూడటం మంచిది.

ఎందుకింత పట్టింపు?

బెల్టులు, బేరింగులు, బ్రేకు భాగాలు ఎంత దూరానికి మార్చాలో నిర్ణయించేది ఈ అంకే. లక్ష మైళ్ళు నడిచిన కారును ఇరవై వేలే నడిచిందని నమ్మి కొన్న కుటుంబం డబ్బే కాదు, ఒక్కోసారి ప్రాణం కూడా పోగొట్టుకోవచ్చు. అమెరికాలో 1972లోనే దీనికి చట్టం చేశారు. మీటరు బాగు చేశాక పాత అంకె నిలపడం సాధ్యం కాకపోతే సున్నాకు పెట్టాలి. పాత అంకెనూ, బాగు చేసిన తేదీనీ రాసిన చీటీని ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. సున్నా చేయడం కాదు, దాచడం తప్పు అన్నమాట.

మరో సంగతి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వల్ల. ఆయన ఒక రోల్స్ రాయిస్ కారుకు ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో చనిపోయాడు. వెనుక సింహాసనం లాంటి ఆసనమున్న ఆ పసుపు పచ్చ కారును ఏడో నిజాం వేడుకలకు మాత్రమే వాడాడు. కొన్ని దశాబ్దాల్లో అది 356 మైళ్ళే తిరిగిందని చెబుతారు. తర్వాత హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని ప్రదర్శనకు పెట్టారు. అందులో అందరూ చెప్పుకునే వింత ఆ చిన్న అంకే! దాన్ని తుడిచి సున్నా చేస్తే కారు మెరుస్తుంది గాని దాని కథ పోతుంది.

కనుక మన మెకానిక్ ప్రశ్నకు జవాబు ఇది: పాత అంకెను ఉన్నట్టే ఉంచాలి. మరమ్మతు తర్వాత ఎంత నడిచిందో తెలియాలంటే ఆ రోజు అంకెను పుస్తకంలో రాసుకుని తర్వాత తీసివేత చేస్తే చాలు. మీటరే మార్చవలసి వస్తే పాత అంకె, తేదీ రాసి కారు కాగితాలతో ఉంచాలి, అమ్మేటప్పుడు చూపాలి.

మీరే చేసి చూడండి

సైకిలు చక్రం పుల్లకు ఒక రంగు గుడ్డ కట్టండి. వాహనాలు అంతగా తిరగని ఊరి రోడ్డు మీద, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, 200 మీటర్లకు ఒకటి చొప్పున పాతిన రెండు రాళ్ళ మధ్య సైకిలును నడిపించుకుంటూ వెళ్ళండి. గుడ్డ ఎన్నిసార్లు కిందికి వచ్చిందో లెక్కపెట్టండి. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే సుమారు 91 చుట్లు రావాలి. తర్వాత టైరులో గాలి కొంచెం తీసి, సైకిలెక్కి తొక్కుతూ మళ్ళీ లెక్కించండి. చుట్లు పెరిగాయా? ఎందుకో ఆలోచించండి.