చిల్లర లెక్కలలో చేనేత చరిత్ర

చరిత్ర అనగానే మనవారికి రెండే తోస్తాయి. పండితులు పండితుల కోసం వ్రాసుకొనే లావుపాటి గ్రంథం ఒకటి, తాతలు చెప్పిన కథ మరొకటి. మొదటిది మనకు కొరుకుడు పడదు. రెండవదానికి ఆధారం అడిగితే దొరకదు. ఈ రెండింటి నడుమ దారి వేయాలని అమెరికాలో జిల్ లెపోర్, జేన్ కమెన్‌స్కీ అనే చరిత్రకారిణులు 2000లో ‘కామన్‌ప్లేస్’ అనే పత్రికను అంతర్జాలంలో ప్రారంభించారు. ఆ దేశపు తొలినాళ్ల జీవితమే దాని విషయం. వ్రాసేవారిలో పండితులున్నా, భాష అందరిదీ. ఆ పేరులో చమత్కారముంది: చదివినవీ విన్నవీ ఎక్కించుకొనే సొంత పుస్తకాన్ని పూర్వం ‘కామన్‌ప్లేస్ బుక్’ అనేవారు.

ఇంటి వ్రాతలను చరిత్రగా చదవడమెలాగో అంతకు ముందే, 1990లో, లారెల్ థాచర్ అల్రిక్ ఒక పుస్తకంలో చూపారు. నేటి మెయిన్ రాష్ట్రంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుండి 1812 వరకు దినచర్య వ్రాసింది. ఆమె పోసిన పురుళ్లు 816 అందులో ఎక్కాయి. వాటి పక్కనే ఎవరు వడికారు, ఎవరు ఆసు పోశారు, కూతుళ్లు మగ్గం మీద ఏ గుడ్డ నేశారు, అన్నీ ముక్తసరిగా ఉన్నాయి. ఇవి చిల్లర సంగతులని పాత చరిత్రకారులు తోసివేశారు. అల్రిక్ ఆ చిల్లరనే ఓపికగా కూడారు. ఇరుగుపొరుగు స్త్రీలు పడుగుకు సాయం రావడం, పనికి పని బదులివ్వడం, మగవారి ఖాతాలలో కనబడని ఒక వ్యాపారమంతా బయటపడింది. ఆ పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమానం వచ్చింది. (మన ఇళ్లలోనూ కండెలు చుట్టేది ఆడవారే, పేరు మాత్రం మగ్గం గుంటలో కూర్చున్నవానిది!)

సేలంలో, షోలాపురంలో, బళ్లారిలో, బరంపురంలో స్థిరపడిన మన కుటుంబాలలో పోగుల లెక్కలు, అచ్చు కొలతలు, షావుకారు బాకీలు తెలుగులో వ్రాసిన పాత పుస్తకాలు పెట్టెల అడుగున పడి ఉంటాయి. మనుమలు చదివేది అరవమో, మరాఠీయో, కన్నడమో, ఒడియానో. అక్షరం తెలియని పుస్తకం చిత్తుకాగితాలవాని తక్కెడలోకి పోతుంది. అలా పోకముందే ఇంటి పెద్దల చేత చదివించి, అది ఎవరిదో, ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో అట్టమీద వ్రాయించండి. లెక్క తెలియనిచోట ఆ రకం నేసిన ముసలివారిని అడగండి. వారు ఉండగానే అడగండి.