పాటను కంటికి చూపిన ఎంటీవీ

1981 ఆగస్టు 1న అర్ధరాత్రి దాటగానే అమెరికాలో మొదలైన ఎంటీవీ, రికార్డు కంపెనీలు తమ పాటల ప్రచారానికి తీయించే చిన్న చిత్రాలను, అంటే మ్యూజిక్ వీడియోలను, రాత్రింబవళ్లు ప్రసారం చేయడమే పనిగా పెట్టుకుంది. ఆ వీడియోలు ఉచితంగా అందడం వల్ల చానల్‌కు ఖర్చు తగ్గింది గాని, తొలినాళ్లలో అటువంటివి ఎక్కువగా బ్రిటిష్ బృందాల వద్దే ఉండడంతో, డురాన్ డురాన్ వంటివారు అమెరికన్ ఇళ్లలో సుపరిచితులయ్యారు.

రాక్ సంగీతానికే కట్టుబడ్డామన్న సాకుతో నల్లజాతి కళాకారులను దూరం పెట్టడం ఎంటీవీ చరిత్రలో చెరగని మచ్చ. 1983లో గాయకుడు డేవిడ్ బోయీ ఆ చానల్ ఇంటర్వ్యూలోనే దీన్ని నిలదీయగా, అదే ఏడాది మైకేల్ జాక్సన్ పాట 'బిల్లీ జీన్' వీడియో ఆ అడ్డుగోడను బలంగా కదిలించింది, ఆపై ఆయనదే సుమారు 14 నిమిషాల 'థ్రిల్లర్', మ్యూజిక్ వీడియో అనే రూపానికే కథాచిత్రం స్థాయి కల్పించింది.

అపరిచిత యువతీయువకులను ఒకే ఇంట్లో ఉంచి చిత్రీకరించిన 'ది రియల్ వరల్డ్' 1992లో మొదలయ్యాక, పాటల స్థానాన్ని క్రమంగా రియాలిటీ షోలు ఆక్రమించాయి. 1996లో ప్రత్యేక చానల్‌గా భారత్‌లో అడుగుపెట్టిన ఎంటీవీ, ఇక్కడ పాటంటే సినిమా పాటేనని త్వరగానే గ్రహించి హిందీ బాట పట్టింది. 2003లో 'రోడీస్' అనే షోతో ఇక్కడా రియాలిటీ వైపు మళ్లింది.